రేకులకు నూనె

మారీసుపేట,
తెనాలి.

శ్రీవల్లి నాన్నగారికి,

భువనేశ్వరి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. ఆ మాట ఈసారి సగమే నిజం, మిగతా సగం కింద రాస్తాను. హోసూరులో మీకు దగ్గు తగ్గిందని తలుస్తాను. శ్రీవల్లి మొన్న ఆదివారం బాపట్ల హాస్టలు నుంచి వచ్చి వెళ్లింది. చిక్కిపోయింది. మెస్సులో కూరలు నోట్లో పెట్టుకునేట్టు లేవంది. గోంగూర పచ్చడి, కందిపొడి కట్టి పంపాను. పిట్టలవానిపాలెంలో కోతలు మొదలయ్యాయట. కౌలురైతు ఫోను చేసి చెప్పాడు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని మీరు అనుకుంటారు. మన కెమెరాల రిపేరు కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక పరదా గుడ్డ. నేను ఎంత మెల్లగా మాట్లాడినా మామయ్యగారికి వినపడుతుంది. ఆయన వినగూడని మాటలు కొన్ని ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. పాత కెమెరాలు పోగుచేసే బెంగుళూరు జయంత్ గారు, ఆయన స్నేహితులు వచ్చి జపాను కెమెరాల్లోని రేకుల షట్టర్ల చరిత్ర మామయ్యగారి నోటితో చెప్పించి వీడియో తీస్తారనీ, ముందుగా అడిగి కొంచెం రాసి పంపమనీ అన్నారు. నిన్న టిఫిన్ తిన్నాక అడిగాను. మామయ్యగారు కుర్చీ వెనక్కి జరుపుకుని హుషారుగా చెప్పారు.

"ముందు ఇది జర్మనీవాళ్ల పని అమ్మాయ్. లెన్సు మధ్యలో పల్చటి ఉక్కు రేకులు పెట్టి, అవి విచ్చుకుని మూసుకునేట్టు చేశారు. జపానువాళ్లు దాన్ని విప్పి చూసి నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఎవరనుకున్నావు? గడియారాలవాళ్లు. సీకోషా అంటే సీకో గడియారాల ఫ్యాక్టరీ. సిటిజన్‌వాళ్లదీ గడియారాల పనే. కోపాల్‌వాళ్లు యుద్ధం అయ్యాక వచ్చారు, వాళ్లకి షట్టర్లే వ్యాపారం. సెకండులో సగానికి పెట్టి నొక్కితే లోపల కర్రుమని వినపడుద్ది చూడు, అది గడియారం చక్రాల చప్పుడే."

కెమెరా మీద యాషికా అని ఉంటుందిగా అన్నాను.

"ఉంటే? లోపల కోపాల్ షట్టరు. మినోల్టా తీసుకో, కొన్నిటికి సీకోషా, కొన్నిటికి సిటిజన్. పెళ్లిళ్లు ఎవరింట్లో వాళ్లవి, వంటవాళ్లు మాత్రం ఆ ముగ్గురే. అందుకే పైన పేరు చూడకు, లెన్సు చుట్టూ ఉన్న పేరు చూడు అంటాను."

ఈ కెమెరాలు ఇక్కడికి మద్రాసు బర్మా బజారు నుంచీ, సింగపూరు వెళ్లొచ్చినవాళ్ల పెట్టెల్లోంచీ వచ్చాయట. అప్పటికి ఆయన పొలం పని వదిలి తెనాలిలో ఒక గడియారాల మెకానిక్కు దగ్గర కూర్చునేవారు. ఎవరో స్టూడియో ఆయన పాడైన షట్టరు తెచ్చి బల్ల మీద పెడితే, మూత తీసి చూశారట. లోపల తనకు తెలిసిన చక్రాలే కనపడ్డాయి. అందుకే భయం వెయ్యలేదన్నారు. తర్వాత లెన్సులు మార్చుకునే కెమెరాలు వచ్చాయి. వాటిలో షట్టరు లెన్సులోంచి వెనక్కిపోయి గుడ్డ తెరగా మారింది. ఆ తర్వాత బ్యాటరీలు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు. పెద్ద పెద్ద స్టూడియో కెమెరాలకు మాత్రం కోపాల్‌వాళ్లు చాలాకాలం షట్టర్లు చేసి, కొన్నేళ్ల కిందట అదీ మానేశారు. చరిత్ర ఇంతే. జయంత్ గారికి చూపించండి.

ఇదంతా ఆయన ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పారు. ఫోనులో మీతోనూ అలాగే మాట్లాడతారు. అందుకే మీకు ఏమీ తెలియలేదు.

దసరా వెళ్లిన వారంలో రేపల్లె పున్నారావు బాబాయి వచ్చారు. ఆయన సంగతి మీకు తెలుసు. తన ఫొటో స్టూడియోలో ఫిల్ము వాడటం మానేసి ఎన్నేళ్లయినా, ఆయుధ పూజకు ఆ పాత యాషికాను పీట మీద పెట్టి లెన్సు చుట్టూ గంధం, కుంకుమ పెడతారు. సముద్రపు చెమ్మకి ఆ కుంకుమ రేకుల్లోకి దిగి పేరుకుంటుంది. మర్నాడో ఆ మర్నాడో ప్యాసింజరు ఎక్కి మన కొట్టుకు తెస్తారు. ఏటా ఇదే తంతు, ఏటా అవే తిట్లు.

"బొట్టు సంచికి పెట్టరా అంటే దీని కంట్లో కొడతావేంటి?" అన్నారు మామయ్యగారు.

"సంచికి పెడితే అమ్మవారు ఒప్పుకోదు బావా. నీకేంటి, ఏడాదికోసారి నా మొహం చూస్తున్నావు, సంతోషించు."

"నీ మొహం కన్నా కుంకుమే నయం."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను టీ తెచ్చేసరికి షట్టరు విప్పడం, వైట్ పెట్రోలుతో కడగడం అయిపోయింది. రేకులు ఆరి శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు మామయ్యగారు నూనె సీసా మూత తీసి, సూది కొనతో ఒక చుక్క తీసి రేకుల మీద వేశారు.

మీకు వేరే చెప్పక్కరలేదు. రేకులు పొడిగా ఆడాలి. నూనె పడితే ఒకదానికొకటి అతుక్కుని తెరుచుకోవు. కుట్టుమిషను నూనె పోసుకుని వచ్చిన స్టూడియోవాళ్లను ఆయన ఎంతమందిని తిట్టారో ఈ వీధి అంతా విన్నది. నాకు పని నేర్పిన మొదటిరోజు చెప్పిన మాట కూడా అదే.

"ఏంటి బావా, రేకులకి నూనె వేస్తున్నావు?" అన్నారు బాబాయి.

"మిషను అన్నాక నూనె వెయ్యకపోతే ఎట్లా తిరుగుద్దిరా?"

హాస్యానికి అన్నారేమో అని బాబాయి కాసేపు చూశారు. తర్వాత నావైపు చూశారు. టీ తాగి, కెమెరా రేపు తీసుకుంటానని చెప్పి వెళ్లిపోయారు. మామయ్యగారు మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు నేను దాన్ని మళ్లీ విప్పి కడిగాను.

అక్కడితో ఆగలేదు. జయంత్ గారి దగ్గర తీసుకుని మీరు పంపే కెమెరాలన్నీ మామయ్యగారే కూర్చుని బాగుచేస్తారు. ఆయన పడుకున్నాక నేను విప్పి సరిచేస్తాను. ఒకదానికి స్ప్రింగు తిరగేసి పెట్టారు. ఇంకొకదానికి ఒక రేకే తిరగబడి ఉంది. "నాన్న చెయ్యి ఇంకా అలాగే ఉంది" అని మీరు కిందటిసారి ఫోనులో అంటే నాకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఆ పని నాది. పేరు నాకు అక్కరలేదు. కానీ మీరు ఆ మాట ఆయనతో కూడా అన్నారు, ఆయన ఇంకో రెండు కెమెరాలు ఒప్పుకున్నారు.

డాక్టరుకు చూపించాను. చక్కెర మందులు రాయించుకోవాలని చెప్పి తీసుకెళ్లాను. డాక్టరు నాతో మెల్లగా, ఇది వయసు మరుపు కాదేమో, గుంటూరులో పరీక్షలు చేయించాలి, కొడుకుని రమ్మనండి అన్నారు.

ఇప్పటిదాకా చెప్పనిది ఇంకొకటి ఉంది. కార్తీకమాసంలో ఒకరోజు ఆయన తొందరగా నిద్రలేచి వచ్చి, తాను బిగించిన సీకోషాను చూసుకున్నారు. మరలు ఆయన బిగించే తీరులో లేవు.

"అమ్మాయ్, దీన్ని ఎవరు తెరిచారు?"

"మీరేగా మామయ్యా" అన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశారు. "నాకు గుర్తు లేదమ్మా" అన్నారు.

ఆయనకు గుర్తు లేకపోవడం కాదు. ఆయన నిజంగా తెరవలేదు. ఆయన చెప్పిందే నిజం, నేను దాన్ని మరుపు కింద తోసేశాను. ఆ తర్వాత ఆయన చిన్న చిన్న సంగతులకు కూడా నన్నే అడగడం మొదలుపెట్టారు. తలుపు గడియ పెట్టానా, మాత్ర వేసుకున్నానా, శ్రీవల్లి ఫోను చేసిందా. ఆ సందేహంలో ఎంత జబ్బో, ఎంత నేను పెట్టిందో నాకు తెలియడం లేదు. మామగారిని ఆ బల్ల దగ్గర నుంచి లేవమనడం కోడలికి మర్యాద కాదని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. మూసుకున్నది మర్యాదకే అని ఇప్పుడు అనలేను. చెబితే తర్వాత ఆయన్ని రోజంతా చూసుకోవలసింది నేనే. దానికి నాకు ఓపిక లేదు.

ఈ పొద్దున మళ్లీ అడిగారు. చేతిలో జయంత్ గారి మినోల్టా ఉంది.

"దీన్ని ఎవరు తెరిచారమ్మాయ్? నేనేనా?"

"కాదు మామయ్యా. నేను తెరిచాను."

"ఎందుకు?"

"రేకులకు నూనె ఉంది."

ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"ఎన్నాళ్లనుంచి?"

"దసరా నుంచి."

"కార్తీకంలో ఆ సీకోషా?"

"అదీ నేనే."

"అయితే నేను తెరవలేదు" అన్నారు. ఆ మాట రెండుసార్లు అన్నారు. తర్వాత బల్ల మీద ఉన్న పట్టకార్లు, మరతిప్పులు ఒక్కొక్కటీ తుడిచి నావైపు జరిపారు. లేచి అరుగు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం పెడితే పెరుగన్నం మాత్రం తిన్నారు. వీధిన పోయేవాళ్లు పలకరిస్తే మామూలుగానే పలుకుతున్నారు.

జయంత్ గారికి నేనే ఫోను చేసి ఉన్నది చెప్పాను. కెమెరాలు నన్నే చెయ్యమన్నారు. వీడియోకి మాత్రం ఇప్పుడు రావద్దని మీరు చెప్పండి. మీరు మామయ్యగారితో ఈ సంగతి ఫోనులో మాట్లాడకండి. ఫోను పెట్టేశాక ఆయన మరిచిపోతే, మళ్లీ మొదటినుంచి చెప్పే పని నాకు పడుతుంది. ఒకసారి చెప్పడమే నావల్ల కాలేదు.

నేను ఇది రాస్తుంటే పరదా పక్కకు జరిపి చూశారు.

"వాడికేనా?"

"అవును మామయ్యా."

"వాడికి తెలుసా?"

"ఇప్పుడే రాస్తున్నాను."

"అయితే వాణ్ణి ఒకసారి రమ్మని రాయి. పరీక్షలకి నీతో రాను, వాడితో వెళ్తాను" అన్నారు.

పరీక్షల సంగతి నేను ఆయనకు చెప్పనేలేదు. డాక్టరు గదిలో ఆయన అన్నీ విన్నారన్నమాట. సెలవు పెట్టి రండి.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు
భువనేశ్వరి