సెల్లు లేని వాచీ

మట్టెవాడ, వరంగల్
శనివారం

ప్రియమైన రాహేలుకు,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలని కోరుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ నేను, రెబెకా క్షేమం. చెన్నైలో నువ్వు, నీ ట్రైనింగు స్నేహితురాళ్లు క్షేమమని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరాలేమిటని మన బిడ్డ నవ్వుతోంది. నవ్వనీ. ఫోన్లో మాట చెవిలో పడగానే అయిపోతుంది. నీ ఉత్తరమైతే షాపులో గల్లా కింద పెట్టుకుని, గిరాకీ లేనప్పుడల్లా తీసి చదువుకుంటాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. రెబెకా పరీక్షలు బాగానే రాసింది. హనుమకొండకు ఆటోలో కాదు, బస్సులోనే పోయి వస్తోంది. వంట నాదే. పప్పు బాగుందంటూనే రెండు గ్లాసుల మంచినీళ్లు తాగుతోంది, అంతకన్నా ఏం చెప్పను! వీడియో కాల్‌లో సినిమా హీరోలాగా ఎప్పుడు చూసినా ఎడమచేయి జేబులో పెట్టుకుంటావెందుకని అడిగావు. దానికి జవాబు తర్వాత చెబుతాను.

ముందు వాచీ సంగతి. నాలుగు వేలలో ఒక ఆటోమేటిక్ వాచీ చూశావట. మంచీ చెడూ చెప్పమన్నావు. ఇరవై ఆరేళ్లుగా వాచీలు బాగుచేస్తున్నవాడిని, ఈ ముచ్చట మొదలుపెడితే ఆగనని తెలిసే అడిగావు కదూ?

దానికి సెల్లు ఉండదు. లోపల అర్ధచంద్రంలాంటి బరువైన బిళ్ల ఒకటి ఉంటుంది. చేయి కదిలినప్పుడల్లా అది తిరుగుతుంది, దాంతో స్ప్రింగు చుట్టుకుంటుంది. నువ్వు జడ వేసుకున్నా, ఎవరికైనా దుప్పటి కప్పినా ఆ కదలికలో కొంత దానికి అందుతుంది. వెనక అద్దం ఉన్నదైతే ఇదంతా కనిపిస్తుంది. మొన్న అలా చూస్తూ కూర్చుంటే చాయ్ చల్లారిపోయింది. గిరాకీ వచ్చి నిలబడ్డా నాకు తెలియలేదు.

సెల్లు వాచీలో సెకన్ల ముల్లు ఒక్కో అడుగు వేసి ఆగుతుంది. దీంట్లో ముల్లు ఆగినట్టే ఉండదు, నీళ్ల మీద ఆకులా పోతూనే ఉంటుంది. దాన్ని చూస్తుంటే పెళ్లికి ముందు మనం ధర్మసాగర్ కట్ట మీద కూర్చున్న సాయంత్రం గుర్తొచ్చింది. అప్పుడు నువ్వు కొత్త నర్సువి. నా చేయి పట్టుకుని, నీ వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టావు. చెరువు నిండా ఎర్రటి వెలుగు. డెబ్బై రెండు అన్నావు. ఇంకో నిమిషం లెక్కపెట్టమన్నాను. సగం మనిషిని ఇప్పటికీ అక్కడే ఉన్నాను రాహేలూ.

సరే, చెడు కూడా విను. రోజుకు పదో ఇరవయ్యో సెకన్లు అటూ ఇటూ అవుతుంది. నువ్వు డ్యూటీకి పావుగంట ముందే పోయేదానివి కాబట్టి దానికి బాధ లేదు. కాస్త మందంగా ఉంటుంది, కోటు చేతికి పట్టుకుంటుంది. అయస్కాంతం దగ్గర పెడితే పరుగులు పెడుతుంది. నాలుగైదేళ్లకోసారి విప్పి నూనె వేయాలి, ఈ చవక వాచీలకు ఆ కూలీయే సగం ధర అవుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, చేతినుంచి తీసి రెండు రోజులు పక్కన పెడితే ఆగిపోతుంది. మీ వార్డులో చేతికి గాజులు కూడా ఉండనివ్వరని రాశావు. డ్యూటీ అంతా లాకరులో పడి ఉండే వాచీ నీకెందుకు? సెల్లుదే కొనుక్కో.

ఇదంతా ఈమధ్య మళ్లీ మనసులో తిరగడానికి రాజేశ్వర్ రావు సేటు కారణం. మన వీధి చివర బట్టల కొట్టు ఆయనదే. అల్లుడు ఆటోమేటిక్ వాచీ కొనిచ్చాడట, కోపంగా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“సుందరూ, ఏం వాచీ ఇది? పొద్దుగాల నడుస్తది, పగటికి ఆగుతది. జర కొత్త సెల్లెయ్యి.”

“దీంట్ల సెల్లే ఉండది సేటూ. మీ చెయ్యి కదిలితేనే నడుస్తది.”

“నా చెయ్యేడ కదులుతది? పొద్దంత గద్దె మీదనే కూసుంట. గుమస్తా చేతికి పెట్టాల్నా ఏంది?” అని తనే నవ్వాడు. “ఒక పని చెయ్యి. వారం రోజులు నువ్వే పెట్టుకో. నడిస్తే తప్పు నాది, నడవకుంటే అల్లునిది.”

పోయిన ఆదివారం ఆగి ఉన్న ఆ వాచీని జేబులో వేసుకుని చర్చికి పోయాను. కూర్చున్నాక ఎడమచేతికి పెట్టుకున్నాను. పెట్టుకున్న కదలికకు కాసేపు నడిచి ఆగింది. తిరిగి వచ్చేటప్పుడు నడకకు అదే నడుస్తుందిలే అనుకున్నాను. అప్పుడే పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆయన ప్రార్థన సంగతి నీకు తెలుసు, ఊరు ఊరంతటి కోసం చేస్తారు. ఫ్యాన్ల చప్పుడు, పక్క వరసలో ఎవరి పసిబిడ్డో గునుస్తున్న చప్పుడు, కిటికీలోంచి మొహం మీద పడే ఎండ. నిద్రా మెలకువా కాని హాయి. ఆమెన్ అని కళ్లు తెరిచి చూస్తే సెకన్ల ముల్లు తిరుగుతోంది.

నేను కదలలేదు రాహేలూ. నా చేయి కదిలింది.

ఉత్తరం మొదట్లో ఇద్దరం క్షేమమని రాశాను. అది రెబెకా వరకే నిజం. నాలుగు నెలలుగా నా ఎడమచేయి వణుకుతోంది. పనిలో ఉంటే తక్కువ, ఊరికే పెట్టుకుంటే ఎక్కువ. రాసేది కుడిచేయి కాబట్టి ఉత్తరాల్లో నీకు దొరకలేదు. ఫోన్లో జేబు కాపాడింది. చాయ్ ఎక్కువైందనుకున్నాను, నిద్ర చాలలేదనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న అబద్ధాలు అన్నీ ఇన్నీ కావు. ఆ వాచీ దగ్గర ఒక్కటీ చెల్లలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం రాసీ దండగ. కిందటి నెల యాకమ్మ పెద్దమ్మ చనిపోయిన భర్త వాచీ తెచ్చింది. కీ ఇచ్చే పాత వాచీ, కొంచెం శుభ్రం చేస్తే నడిచేది. ఎడమచేతిలో పట్టుకున్న వాచీ మిషను కదిలి, కుడిచేతిలోని సన్న పట్టకారు జారి, వెంట్రుకలాంటి స్ప్రింగు మెలిపడింది. పాడుచేసింది నేను. సామాను దొరకదని చెప్పి ఇచ్చేశాను. “ఏం ఫికర్ లేదు బిడ్డా, నడవకున్నా మంచిదే, పెట్టెల పెట్టుకుంట” అంది. ఆ మాటకన్నా నన్ను తిట్టినా బాగుండేది. రేపు చర్చి అయ్యాక ఆమె ఇంటికి పోయి నిజం చెబుతాను. చేయి నిలకడగా ఉన్న వేరే మిస్త్రీ చేత బాగుచేయించి ఇస్తాను.

నీకెందుకు చెప్పలేదంటే, ఆ ట్రైనింగు కోసం నువ్వు పదకొండేళ్లు ఎదురుచూశావు. నాకిలా ఉందని తెలిస్తే మర్నాడే పెట్టె సర్దుకుని వచ్చేస్తావు, మళ్లీ పోవు. రెబెకాకు మాత్రం తెలిసిపోయింది. చాయ్ కప్పు సాసరులో గలగలలాడుతుంటే నా చేతిలోంచి తీసుకుంది. “డాడీ, మమ్మీ నర్సు. ఊళ్లె అందరికి చూస్తది, మనకు చూడద్దా? నువ్వు రాస్తవా, నేను ఫోన్ చెయ్యాల్నా?” అంది. హనుమకొండలో నరాల డాక్టరు దగ్గర వచ్చే శుక్రవారానికి నా పేరు రాయించింది కూడా. ఏ దవాఖానకైనా నీ వెనక నడిచిపోవడమే నాకు తెలుసు. నాకు భయంగా ఉంది. చేతికి ఏమవుతుందో అని, షాపుకు ఏమవుతుందో అని. వాచీలు పట్టుకోకుండా పొద్దు ఎలా గడుస్తుందో నేను ఊహించుకోలేకపోతున్నాను.

ఈ పేజీలో రెండు చోట్ల సిరాతో కొట్టేశాను. వెలుతురుకు పెట్టి చదువుతావని తెలుసు, ఆ శ్రమ ఎందుకు, నేనే చెబుతాను. రెండు చోట్లా ‘నువ్వు రావద్దు, ట్రైనింగు పూర్తి చేసుకో’ అనే రాశాను. అది రాయడానికే కూర్చున్నాను.

గురువారం బండికి రా. మళ్లీ నిన్ను చెన్నై బండి ఎక్కించే పూచీ నాది.

ఇట్లు,
రెబెకా వాళ్ల డాడీ,
సుందర్ రావు