వంతెన కింది అవ్వ

పార్కుల అధికారి డెస్మండ్ ప్రింగిల్ గారికి, నమస్కారం.

మీ పార్కులో వాగు వెంబడి పోయే అడవిబాట మీద ముప్పై ఏళ్లుగా ఎలుకల బోనులు చూసుకునే మనిషిని. బాట వెడల్పు చేయడానికి రెండో వంతెన దగ్గర వాగును గొట్టంలోకి మళ్లిస్తారని బోర్డు పెట్టారు. దయచేసి ఆపండి. ఆ వంతెన కింద మా అవ్వ ఉంటుంది. ఎనభై దాటాయి. ఈ వానలకు సముద్రం అవతలి టోంగా దీవుల వైపు బయల్దేరాలి. బతుకులో ఒక్కసారి చేసే ప్రయాణం. గొట్టం పడితే దారి మూసుకుపోతుంది.

ఇట్లు,
రిపెకా టామాటి

తా.క. పోయిన వారం నా చేతిలోంచి పిల్లిమేత తిన్నది.

శ్రీమతి టామాటి గారికి,

మీ ఉత్తరం చూసి ఆఫీసంతా నివ్వెరపోయింది. పెద్దావిడ వంతెన కింద ఉండటం, పైగా పిల్లిమేత తినడం మా అందరికీ తలవంపులు. దుప్పటి, పొడి మేజోళ్లు ఇచ్చి ఇద్దరిని పంపుతున్నాను. పని సోమవారం మొదలవుతుంది. ఆలోగా ఆవిడను వెచ్చని గదికి చేరుస్తాం.

భవదీయుడు,
డెస్మండ్ ప్రింగిల్

తా.క. ఆవిడ మెట్లు ఎక్కగలరా?

డెస్మండ్ గారికి,

మీ వాళ్లిద్దరూ వచ్చారు. వంగి, చాలా మర్యాదగా అవ్వను పిలిచారు. అవ్వ తల బయట పెట్టింది. ఒకాయన మేజోళ్లు వాగులో పారేసి మొదటి వంతెన దాకా పరుగెత్తాడు.

అయ్యా, అవ్వ పాముచేప. ఈ దేశపు తొలి జనమైన మా మావోరీలు అంత పెద్దదాన్ని చేప అనరు, ఇంటి పెద్దల్లో కలుపుకుంటారు. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని వచ్చి చూపించేనాటికే అది నా కంటే పొడవు. సముద్రంలో పుట్టి, ఈ మోకాటిలోతు నీళ్లలో ఇన్నేళ్లు బతికి, ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోవడానికి అంత దూరం ఈదుతుంది. మొన్నటి నుంచి మేత ముట్టలేదు. కళ్లు పెద్దవయ్యాయి. వెళ్లే గడియ వచ్చిందన్నమాట. శనివారం ఒక్కసారి వచ్చి చూడండి.

ఇట్లు,
రిపెకా

తా.క. అడవి చెట్లకు తెగులు మట్టి అంటకుండా బూట్లు బ్రష్షుతో తోముకుని రండి, అది మీ నియమమే. శ్రీమతి వద్దు. బాట మీద అందరూ నన్ను అత్తా అంటారు.

రిపెకా అత్తకు,

పదకొండేళ్లుగా ఆ వాగును పటం మీద నీలిగీతగా గీస్తున్నాను. మీ వెంట నడిచిన శనివారం దాకా దాని చప్పుడు వినలేదు. "చెయ్యి నీళ్లలో పెట్టు నాయనా. పట్టుకోబోకు, ఆవిడే చూసుకుంటుంది," అన్నారు మీరు. ఆవిడ వచ్చి నా మణికట్టును రాసుకుంటూ వెళ్లింది. ఇంటికెళ్లేదాకా ఆ చెయ్యి తుడుచుకోలేదు.

పాముచేప కోసం పని ఆపే నిబంధన ఎంత వెతికినా దొరకలేదు. నిలువనీడ లేని వృద్ధురాలు ఉంటే మాత్రం, ఆవిడ ఇష్టపడి కదిలేదాకా ఒక్క రాయి ముట్టుకోకూడదు. అందుకని ఫైలులో వంతెన కింద పెద్దావిడ ఉందని రాసుకున్న తప్పు దిద్దకుండానే సంతకం పెట్టి పైకి పంపాను. పని ఆగింది.

గురువారం సాయంత్రం వాగు పొంగిందని తెలిసి పరుగున వచ్చాను. వంతెన దాటి వెళ్లిపోతున్న ఆవిడ నల్లటి వీపు చూశాను. తెలియకుండానే టోపీ తీశాను. మీరు అవతలి గట్టున ఏడుస్తున్నారు, అందుకే పలకరించలేదు.

మీ
డెస్మండ్

తా.క. అవ్వ ఖాళీ చేసిందని నేను పైకి రాయలేదు. నిన్న అదే వంతెన కింద పెన్సిలంత పాముచేపలు కనిపించాయి. వరసకు మనవరాళ్లు కూడా అక్కడే ఉంటున్నారని, అందరూ మైనర్లేనని ఫైలులో చేర్చాను.