మూడో ప్లేటు

షియామెన్, చైనా

హమీదాకు,

నువ్వూ ముబాషిరా క్షేమమని నిన్న ఫోన్‌లో చూశాను. రోజూ మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏందని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నీ మొహం కనబడుతుంది. నీ మొహం చూస్తూ ఈ మాట చెప్పలేను. సరుకు చూడ్డానికి ఇక్కడికొచ్చిన మా ఓనరు లక్ష్మీకాంత్ సారు రేపు మార్కాపురం తిరిగొస్తున్నారు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

అలసిపోయాను హమీదా. పని కష్టమని కాదు. గోడౌన్‌లో మన పలకరాళ్ళు దించుకోవడం, పగిలినవి పక్కన పెట్టడం, అక్కడ ఫ్యాక్టరీలో చేసిందే ఇక్కడా చేస్తున్నాను. కానీ సారు వచ్చిపోయే రోజులు తప్ప, పదకొండు నెలలుగా ఇక్కడ ఎదురుగా కూర్చుని నాతో తెలుగులో మాట్లాడిన మనిషి లేడు. నలభై ఆరేళ్ళకే ముసలివాణ్ణి అయిపోయినట్టుంది.

పొద్దున టిఫిను ఒక్కటే ఊరట. నా గది కింద సందు నిండా తిండి కొట్లే. చాలావాటిలో మనకు పడని మాంసం ఉంటుంది. చివర్లో నాలుగు స్టూళ్ళ కొట్టొకటి ఉంది. మొగుడూ పెళ్ళాం నడుపుతారు. వేరుశనగ పప్పు పొట్టు తీసి, వెన్నలా అయ్యేదాకా ఉడికించి, చక్కెర వేసి గిన్నెలో పోసిస్తారు. దాంట్లో నూనెలో వేయించిన పొడుగాటి పిండి కడ్డీలు ముంచుకుని తినాలి. మొదటిసారి తిన్నప్పుడు కొమరోలులో మీ నాయన చేనుగట్టు మీద పచ్చికాయలు ఉడకబెట్టిన వాసన గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మొన్న మా గోడౌన్ గుమాస్తా నన్ను అక్కడ చూశాడు. ఫోన్‌లో ఏదో కొట్టి, తెలుగులోకి మార్చి చూపించాడు. "అక్కడ తినకు. శుభ్రంగా ఉండదు." అంతే హమీదా, గిన్నె కింద పెట్టేశాను. అది నా మాటే.

నీకు గుర్తుందో లేదో. రెండేళ్ళ కిందట రాయి కొనడానికి ఇద్దరు చైనావాళ్ళు వచ్చారు. కారు నేనే నడుపుతున్నాను. కంభం రోడ్డులో నీ టిఫిను బండి మీద పొగలు కక్కుతున్న బొరుగుల ఉగ్గాని చూసి, వాళ్ళలో కళ్ళద్దాలాయన ఆపమని చెయ్యి చూపించాడు. నేను కారు నెమ్మది చేశాను. నువ్వు చూసి, పైట సర్దుకుని ప్లేట్లు తీశావు. నేను, "నో నో, డర్టీ" అని కారు పోనిచ్చేశాను. కారు అద్దాలు దించే ఉన్నాయి. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ భార్య రోడ్డు మీద బజ్జీలు వేస్తుందంటే పరువు పోతుందనుకున్నాను. ఆ బజ్జీలతోనే మన ముబాషిరా నర్సు చదివింది.

నువ్వు విన్నావో లేదో అడగలేదు. నువ్వూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టావు. నేను తలొంచుకుని తినేశాను.

పోయిన వారం ఈ కొట్టావిడ చెయ్యి కాల్చుకుంది. మొగుడు అరిచాడు, తిట్టాడు, చెయ్యి పట్టుకుని కొళాయి కింద పెట్టాడు. తర్వాత ఆమె నడుముకున్న గుడ్డ విప్పి తను కట్టుకుని, సందంతా చూస్తుండగా గిన్నెలు కడుక్కుంటూ కూర్చున్నాడు. నీ ఎడమ చేతి మీద పొడుగాటి మచ్చ ఉంది. అది ఎప్పుడు కాలిందో నాకు తెలియదు. ఎంత సిగ్గుచేటు!

సారు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. నెలాఖరుకల్లా చెప్పాలి. నాకు ఇంటికి రావాలని ఉంది. వచ్చి నీ బండి దగ్గర నిలబడి ఉల్లిగడ్డలు కోస్తాను, ప్లేట్లు కడుగుతాను. నిలబడనిస్తావా? వద్దంటే ఇక్కడే ఉండిపోతాను. నిన్నేమీ అనుకోను.

నీ
వలి బాషా


మార్కాపురం

ముబాషిరా నాయనకు,

సలాం. మీ ఉత్తరం అందింది. బేరాలు అయిపోయాక, బండి పక్కన స్టూలు మీద కూర్చుని చదివాను. నేనూ కాగితం మీదే రాసి ఫోటో తీసి పంపుతున్నాను. ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, మీరు పెట్టేస్తారు.

విన్నాను. నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఆ ఒక్క మాట రాకుండా పోతుందా? ఆ రోజు పిండి మిగిలిపోయింది. బండి తొందరగా మూసేసి ఇంటికొచ్చాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అట్లాంటి మనిషికి అన్నం పెడుతున్నానని ఏడ్చుకుంటూనే పెట్టాను. మీరు తలెత్తి చూడలేదు.

ఇప్పుడు మీకు తెలియనిది చెబుతాను. మరుసటి రోజు పొద్దున ఆ ఇద్దరూ లాడ్జి నుంచి నడుచుకుంటూ నా బండి దగ్గరికే వచ్చారు. కళ్ళద్దాలాయన రెండు ప్లేట్ల ఉగ్గాని, ఆరు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, అయినా ఇంకోటి వెయ్యమని వేలు చూపిస్తాడు! పక్కన టీ తాగుతున్న కరుణాకరం అన్న, "చెల్లెమ్మా, చైనా వరకూ పోయింది నీ బజ్జీ" అని ఒకటే నవ్వు. నన్ను మధ్యలో నిలబెట్టి వాళ్ళు ఫోటో తీసుకున్నారు. అప్పుడు బండి దగ్గరే ఉన్న మన ముబాషిరా ఆయన ఫోనులోంచి దాన్ని తన ఫోన్‌లోకి తెచ్చుకుని, పెద్దది చేయించి బండి అద్దానికి అంటించింది.

మీరు చైనా పోయేదాకా పదమూడు నెలలు ఆ ఫోటో అక్కడే ఉంది. రోజూ రెండు పూటలా ఆ రోడ్డు మీదే పోయారు, మొహం అటు తిప్పుకుని. ఒక్కసారి ఇటు చూసి ఉంటే కనబడేది. ఏ రోజు చూస్తారో అని రోజూ ఆ అద్దం తుడిచేదాన్ని. కొన్నాళ్ళకు విసుగొచ్చి తుడవడం మానేశాను.

ఉంటారో వస్తారో మీ ఇష్టం. నాకూ ఒళ్ళు అలిసిపోయింది, బతిమాలలేను. వస్తే మాత్రం ముందు ఇంటికి కాదు, సంచితో నేరుగా బండి దగ్గరికి రండి. ఉల్లిగడ్డల సంగతి తర్వాత. ముందు అందరితో పాటు వరుసలో నిలబడి, ఇది మా ఆవిడ బండి అని పది మంది వినేలా చెప్పి, టిఫిను అడగండి.

ఆ రోజు నేను తీసింది మూడు ప్లేట్లు. ఇద్దరు మరుసటి రోజు వచ్చి తిని పోయారు. మూడోది మీకోసం తీశాను.

హమీదా