ప్యానెళ్లను మిట్టమధ్యాహ్నం కడిగించు ఉత్తర్వు గురించి

సౌర విద్యుత్ కేంద్రం సూపరింటెండెంటు గారి సముఖమునకు, కంట్రోలు రూము పగటి షిఫ్టు ఆపరేటరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్యానెళ్లను మధ్యాహ్నం పన్నెండింటికి కడగవలెనన్న తమరి ఉత్తర్వును ఈ పూటే రద్దు చేయు నిమిత్తము.

1. గత సోమవారం తనిఖీలో తమరు మీటరు చూపి "ఉత్పత్తి ఎందుకయ్యా తగ్గింది?" అని అడుగగా, నేను "ఎండ ఎక్కువైందండీ" అని మనవి చేసియుంటిని. "ఎండ ఎక్కువైతే పెరగాలి గదా, నాతో పరాచికాలా? దుమ్ము పట్టి ఉంటుంది, తెల్లవారుజామున కాదు, మధ్యాహ్నం కడిగించండి" అని తమరు సెలవిచ్చిరి.

2. తప్పు నాదే. మన మాటలో వెలుగూ ఎండే, వేడీ ఎండే. ప్యానెలుకు కావలసినది వెలుగు. వెలుగు తగిలితే అందులో కరెంటు పుట్టును, ఇన్వర్టరు దానిని లైనుకు పనికివచ్చునట్లు మార్చును. వేడి మాత్రం దానికి గిట్టదు, కాగినకొద్దీ దిగుబడి పడిపోవును. నేను "వేడి" అనవలసినది. నోటికొచ్చింది అనేశాను.

3. నీళ్లు పోయగానే ఉత్పత్తి పెరిగిన మాట వాస్తవము. అది దుమ్ము పోయినందువల్ల కాదు, ప్యానెలు చల్లబడినందువల్ల. పది నిమిషాలకు మళ్లీ మామూలే. ఆ పది నిమిషాలు చూచి తమరు ఉత్తర్వును నెలాఖరు దాకా పొడిగించితిరి. కాగిన గాజు మీద చన్నీళ్లు పడి మూడు ప్యానెళ్లు బీటలిచ్చినవి. ఆ సంగతి తమకు ఎవరూ చెప్పినట్టు లేదు.

4. కడుగుడు పనిలో ఏడుగురు ఆడవాళ్లు. వారిలో ఒకరు నా భార్య. నిన్న పద్దెనిమిదో వరుసలో కళ్లు తిరిగి పడిపోయింది. నేను ఏసీ కింద కూర్చుని కెమెరాలో చూశానయ్యా! పరుగెత్తి వెళ్లి మొహాన నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, "ఎండ ఎక్కువైందని చెప్పిన మహానుభావుడు నువ్వేనటగా" అని నవ్వబోయింది. నవ్వలేకపోయింది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

5. కనుక కడుగుడు పనిని యథాప్రకారం తెల్లవారుజామునకు మార్చవలెను. పరాచికమాడితినని నాకు మెమో ఇచ్చినను అభ్యంతరము లేదు.

పై సంగతులు పన్నెండు కొట్టేలోపు చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ పూట వరకు,
ఆపరేటరు

తా.క.: పదకొండున్నర అయింది. మీరు మీటింగులో ఉన్నారట. ఈ కాగితం తలుపు కిందనుంచి తోస్తున్నాను. మా ఆవిడ బూట్లు తొడుక్కుని "రాకపోతే పనిలోంచి తీసేస్తారు, నువ్వు అర్జీలు రాసుకుంటూ కూర్చో" అంటోంది. బ్రష్షు లాక్కుని, ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె వరుస నేను కడుగుతాను. కానీ ఆమె మొండిది, నా వెనకాలే వచ్చేస్తుంది. నేను ఎంతోసేపు ఆపలేను. సంతకం పెట్టండయ్యా.