సిమ్‌లో పెట్టిన దీపం

బొండుగుడ, అరకులోయ దగ్గర
నవంబరు 3

సీలేరు నేస్తానికి బొండుగుడ నేస్తం దండాలు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. సిగ్నలే బాగాలేదు. ఫోన్ చేయాలంటే కాఫీ తోట పైదాకా ఎక్కాలి. ఎక్కాక నాకు ఊపిరి ఉండదు, ఫోనుకి ఛార్జింగు ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

పెరట్లో టూరిస్టుల కోసం ఒక గది కట్టానని చెప్పాను కదా. మొన్న దిగిన దంపతులు గది బాగుందన్నారు, కొండ బాగుందన్నారు, మా ఆవిడ రత్నాలు కాచిన అంబలి కూడా బాగుందన్నారు. లైటు మాత్రం కళ్ళలో పొడుస్తోందట, తగ్గించమన్నారు. ట్యూబులైటు ఆపేశాను. అంత తగ్గించొద్దన్నారు. మళ్ళీ వేశాను. ఇంత వద్దన్నారు. మధ్యలో ఎక్కడ ఆపాలో నాకు చేతకాలేదు.

ఇరవై రెండో తారీఖున గదులు చూసే ఆఫీసరమ్మ బిందుమాధవి గారు వస్తున్నారు. ఆవిడ సరే అంటే మా గది టూరిజం వాళ్ళ లిస్టులోకి ఎక్కుతుంది. లేదంటే అందులో అల్లం ఆరబోసుకోవాలి. ముప్పై ఏళ్ళుగా పవర్ హౌసులో కరెంటు పని చేస్తున్నవాడివి, నువ్వే దారి చెప్పాలి.

ఇట్లు
సోంబరు

తా.క.: కవరు మీద నీ పేరు కోడలు కనక చేత రాయించాను. పెద్దల ముందు నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు పలకకూడదన్న కట్టుబాటు మనం నలభై ఏళ్ళుగా తప్పలేదు. "పేరు రాయడానికి కూడా బయమేటి మావా?" అని నవ్వింది. రాసిపెట్టింది కాబట్టి నవ్వనిచ్చాను.


సీలేరు
నవంబరు 7

బొండుగుడ నేస్తానికి,

డిమ్మర్ అనే వస్తువు ఒకటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మెయిన్ ఆపి, స్విచ్చి ఉన్నచోట బిగించు. దానికో గుండ్రటి నాబ్ ఉంటుంది. గ్యాసు పొయ్యి ఎలాగో ఇదీ అలాగే, తిప్పితే లైటు సిమ్‌లోకి వస్తుంది.

ట్యూబులైటు దీనికి పనికిరాదు. ఎల్‌ఈడీ బల్బు కొను. దాని అట్టపెట్టె మీద మూడు సంగతులు చూసుకో. వాట్లంటే పొయ్యి తినే కట్టెలు. ల్యూమెన్లంటే ఆ మంట మీద కాగిన టీ. తక్కువ కట్టెలు తిని ఎక్కువ టీ కాచేదే మంచి పొయ్యి. కెల్విన్ అంటే టీ రంగు. 2700 అంటే మంచి డికాషన్ రంగు. 6500 అంటే నీళ్ళ పాలు, ఆసుపత్రి తెలుపు. నువ్వు 2700 తీసుకో. అందులో మన ముఖాలు కూడా బాగుంటాయి.

ఉంటాను,
అప్పలస్వామి

తా.క.: పొయ్యి లాంటిదన్నాను కదా అని అగ్గిపుల్ల గీయకు.


బొండుగుడ
నవంబరు 12

సీలేరు నేస్తానికి,

పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేరు. ఉత్తరం చదివి వినిపిస్తే రత్నాలుకి వెంటనే అర్థమైపోయింది. తర్వాత నాకు చెప్పింది.

అరకులో సర్వేశ్వరరావు కొట్లో బల్బు కొని, నాబ్ బిగించాను. నిండా తిప్పితే బాగుంది. తగ్గిస్తే మాత్రం మన్యం జ్వరం వచ్చినవాడిలా వణుకుతోంది. ఇంకాస్త తగ్గిస్తే మూలిగి ఆరిపోతోంది. నిన్న ఇద్దరు టూరిస్టులు వచ్చారు. ఆ వణుకుని వీడియో తీసుకుని, వేరే ఊళ్ళో గది చూసుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆఫీసరమ్మ రావడానికి పది రోజులే ఉంది. బేగి జవాబు రాయి.

కంగారులో
సోంబరు

తా.క.: బల్బు ఝుమ్మని మోగుతోంది. తేనెటీగలు పెట్టావా అని పొరుగింటివాళ్ళు గిన్నె పట్టుకొచ్చారు.


సీలేరు
నవంబరు 15

బొండుగుడ నేస్తానికి,

నీ ఉత్తరం చూసి, కనుక్కుని, అంటే బాగా ఆలోచించుకుని రాస్తున్నాను.

ఒక మాట రాయడం మరిచాను. అన్ని ఎల్‌ఈడీ బల్బులూ తగ్గవు. కొన్ని పొయ్యిలు ఎగదోస్తేనే మండుతాయి, సిమ్ చేస్తే ఆరిపోతాయి. మామూలు బల్బు అలాంటిది. అట్ట మీద డిమ్మబుల్ అని ఉంటేనే అది నాబ్ మాట వింటుంది. అట్ట ఒకసారి చూడు. ఆ మాట లేకపోతే బల్బు మార్చు. నాబ్‌లో ఏ దోషమూ లేదు.

ఉంటాను,
అప్పలస్వామి

తా.క.: ఆ పొరుగువాళ్ళకి కాస్త బెల్లం పెట్టి పంపు.


బొండుగుడ
నవంబరు 17

సీలేరు కాలనీలో ఉంటున్న అప్పలస్వామి గారికి,

బల్బు అట్ట చూశాను. డిమ్మబుల్ అని స్పష్టంగా ఉంది. నేనూ బడికి వెళ్ళినవాణ్ణే. తప్పంతా మీరు పంపిన నాబ్‌ది. అప్పలస్వామి పంపిన సరుకు ఇదీ అని సంతలో పదిమందికీ చెప్పాను. ఆఫీసరమ్మ ముందు నా పరువు పోతే అది మీ పుణ్యమే.

సోంబరు

తా.క.: కవరు మీద పేరు ఈసారి నేనే రాశాను.


బొండుగుడ
నవంబరు 23

నేస్తమా,

అలా పిలిచే అర్హత నాకింకా ఉందో లేదో తెలియదు.

ఆ ఉత్తరం పోస్టులో వేసి ఇంటికొచ్చేసరికి, రత్నాలు చిక్కుడు విత్తులు పోసుకున్న బల్బు అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "సదువుకున్నోడివి కదా, సదువు" అంది. డిమ్మబుల్ కాదు అని రాసి ఉంది.

అట్ట ఇప్పుడే సరిగ్గా చూశానని రాసి తప్పించుకోవచ్చు. కానీ నీ జవాబు చదివిన నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. కొట్లో సర్వేశ్వరరావు నన్ను అడగనే అడిగాడు, డిమ్మబుల్ కావాలా, మామూలుది కావాలా అని. పక్కన అచ్చియమ్మ టీచరు గారు నిలబడి ఉన్నారు. అదేమిటని అడగడానికి సిగ్గేసింది. తగ్గించేది నాబ్ కదా, మళ్ళీ బల్బుకెందుకు ఆ విద్య అనుకున్నాను. "మామూలుదే ఇయ్యి. మా నేస్తం పవరౌసులో సేత్తాడు, నాకన్నీ తెలుసు" అన్నాను. ఆ ఒక్క మాట దాచుకోవడానికి అట్ట చూశానని అబద్ధమాడి, నలభై ఏళ్ళు పలకని పేరు పలికాను.

బల్బు మార్చాను. నిన్న ఆఫీసరమ్మ స్వయంగా నాబ్ తిప్పారు. వెలుగు ఒక్కో మెట్టే దిగి గోడ మూలకెళ్ళి కూర్చుంది. గది లిస్టులోకి ఎక్కింది. రత్నాలు నాతో ఇంకా మాట్లాడటం లేదు. మళ్ళీ సంతకు వెళ్ళి, ఆ పదిమందినీ వెతికి, తప్పు నాదేనని చెప్పాను. నవ్వారు. అది భరించగలను.

పేరు పలికినవాడు కోడిపుంజు, కొత్త తువ్వాలు పట్టుకెళ్ళి పెద్దల ముందు నేస్తం తిరిగి కట్టుకోవాలి కదా. ఆదివారం బస్సెక్కనా? పవర్ హౌసు గేటు దగ్గర నీ కోసం అడిగితే లోపలికి పంపుతారా? పేరు మాత్రం కండక్టరు చేత చెప్పిస్తాను.

తల దించుకుని
సోంబరు

తా.క.: కవరు మీద నీ పేరు మళ్ళీ కనక చేతే రాయించాను.


సీలేరు
నవంబరు 26

బొండుగుడ నేస్తానికి,

నువ్వు రావద్దు. కోపంతో అనడం లేదు.

గేటు దగ్గర కరెంటు అప్పలస్వామి అని అడిగితే అలాంటివాడు లేడంటారు. క్యాంటీన్ అప్పలస్వామి అంటేనే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా నేను ఇక్కడ కాస్తున్నది టీ. చేరిన కొత్తలో పవర్ హౌసులో పని దొరికిందని నీకు కార్డు రాశాను. క్యాంటీన్ అన్న మాటకి కార్డులో చోటు చాలలేదు. తర్వాత కవర్లలో బోలెడు చోటున్నా రాయలేదు. అప్పటికే నాది కరెంటు పనని నువ్వు ఊరంతా చాటేశావు.

ఈ లైట్ల సంగతి ప్రతి ముక్కా పక్క క్వార్టర్లో ఉండే వైర్‌మన్ ధర్మని అడిగి రాసిందే. ఆయన డిమ్మబుల్ మాట మొదటిరోజే చెప్పాడు. పాలు పొంగుతుంటే లేచి వెళ్ళాను, తిరిగొచ్చి ఆ ముక్క రాయడం మరిచాను. అది ముందే రాసి ఉంటే కొట్లో నీకు ఆ తిప్పలు ఉండేవి కావు. నీ సిగ్గులో సగం నాది.

నీ చేతిరాతలో నా పేరు మొదటిసారి చూశాను. వత్తులు కూడా తప్పలేదు. ఆ కవరు దాచుకున్నాను.

ఆదివారం నేనే వస్తున్నాను. పుంజు నీది, తువ్వాలు నాది. పెద్దల దగ్గరికి వెళ్ళే ముందు కాసేపు నీ గదిలో కూర్చుందాం. నాబ్ బాగా సిమ్‌లో పెట్టు. ఒకరి ముఖం ఒకరికి మరీ స్పష్టంగా కనబడకుండా ఉంటే చాలు.

నీ నేస్తం
అప్పలస్వామి

తా.క.: టీ నేను పెడతాను. ఆ పని నాకు నిజంగానే వచ్చు.