కళ్లు తెరవని విగ్రహం

కుళ్లాయన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉలి పక్కన పెట్టి, ఆళ్లగడ్డ శిల్పుల కోసం రాతలూ ఫోటోలూ పంచుకునేలా ఆన్‌లైన్‌లో ఓ సర్వరు పెట్టావు. దాన్ని మా నంద్యాల సర్వరుతో కలిపావు. ఇక్కడ రాసింది అక్కడ కనిపిస్తే మురిసిపోయావు. మొన్న ఆ రెంటి మధ్య లంకె తెగిపోయింది. చెప్పాలంటేనే రోత పుడుతోంది.

నువ్వు సగంలో వదిలిన అమ్మవారి విగ్రహం ఫోటోను నీ జ్ఞాపకంగా నేనే మా సర్వరులో పెట్టాను. చివరగా కళ్లు చెక్కి తెరిపించేదాకా విగ్రహాన్ని బయట చూపకూడదన్న మీ శిల్పుల పట్టింపు ఆ పూట గుర్తు రాలేదు.

ఆళ్లగడ్డ సర్వరు నుంచి నీ తమ్ముడు అడిగాడు: "ఏందప్పా, కండ్లు తెరవని తల్లిని అందరికీ చూపిస్తాండావ్? తీసేయ్."

నేను తీసేలోపే మా సర్వరు నడిపే పెద్దమనిషి ఎగిరాడు: "మాకు చెప్పేకి వాళ్లెవరప్పా? ఉండనీ."

నేను ఫోటోను అలాగే ఉంచేశాను. సాయంత్రానికి బూతులు. మర్నాటికి రెండు సర్వర్లవాళ్లూ ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు.

నువ్వు రాసినవన్నీ ఆళ్లగడ్డ వైపే ఉండిపోయాయి. ఇక్కడ నీ పేరు వెతికితే ఒక్క ముక్క రాదు. ఆ ఫోటో మాత్రం ఉంది. వద్దన్నవాళ్లకు అది కనిపించదు కాబట్టి తీయమనేవాళ్లూ లేరు.

పొద్దున దానికి ఎన్ని లైకులొచ్చాయో చూసుకున్నానన్నా. థూ.