లల్లా తాహ్రా అనని మాట

సెఫ్రూ,
1988 అక్టోబరు 16.

అమ్మ తర్వాత అమ్మంతటి రఖియా అక్కకు, చెల్లెలు మీలూదా సలాములతో రాసేది. అల్లా దయవల్ల నేనూ, నీ మరిది అల్లాలూ, పిల్లలిద్దరూ ఒంట్లో బాగానే ఉన్నాం. ఉజ్దాలో నువ్వూ బావగారూ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మనసు సంగతి మాత్రం అడగకు. అది చెప్పుకోవడానికే కాగితం ముందేసుకున్నాను.

ఇల్లు కొన్నాం అక్కా. ఇన్నేళ్ళూ ఒకే గదిలో, నాలుగు కుటుంబాలకీ ఒక్క మరుగుదొడ్డి ఉన్న చోట, పిల్లలు గట్టిగా నవ్వితే గోడలు కదులుతున్నాయని దెబ్బలాడే ఇంటామెకి అద్దె కట్టి, చివరికి మా తలుపుకి మేమే తాళం వేసుకున్నాం. నువ్వు నాకోసం అమ్మిన నీ పెళ్ళినాటి వడ్డాణం, జెల్లాబా అంగీలకి పట్టుదారంతో గుండీలు అల్లి నేను కూడబెట్టింది, రొట్టెల బట్టీలో మా ఆయన చేతులు కాల్చుకుని దాచింది, అన్నీ కలిస్తే రెండు గదులూ ఒక వాకిలీ అయ్యాయి. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దమనిషి కొని చూడు అనడం ఎందుకు మరిచిపోయాడో!

తిరకాసు ఏమిటంటే, ఇల్లు ముగ్గురిది. కిందిభాగం లల్లా జహోర్‌ది. పైభాగం ఆమె అక్క లల్లా తాహ్రాది. మొగుడు లేడు, పిల్లలు లేరు, నాలుక మాత్రం ఉంది. వీధి వైపు కొట్టు వాళ్ళ చిన్నాన్న కొడుకు హాజ్ తుహామీది. వాడుకోవడానికి పంచుకున్నారు గానీ కాగితాల మీద పంపకం జరగలేదు. జహోర్ టాంజియర్‌లో కూతురి దగ్గర ఉండిపోతానని తన భాగం మాకు అమ్మింది. తన అక్క ఒప్పుకుందని ఖురాన్ మీద ఒట్టేసింది. బ్రోకరు తొందరపెట్టాడు, వాడు తెచ్చిన రాతగాడు రాశాడు, మేం సంతకాలు పెట్టాం.

సామాన్లు సర్దుకున్నాక మా ఆయన ఆ కాగితం సీ మఫద్దల్‌కి చూపించాడు. ఆయన ఊళ్ళో పాత దస్తావేజుల లేఖరి, వాళ్ళింటి రొట్టెలు మా బట్టీలోనే కాలతాయి. చదివి కళ్ళద్దాలు తీసేసి, ఇచ్చిన దాంట్లో సగమే రాసుందేమిటని అడిగాడట. పన్ను తగ్గుతుందని రాయించాం, అందరూ చేసేదేగా అన్నాడు మా ఆయన. "భాగస్తులున్న ఇల్లు కొనేవాడు ధర పెంచి రాయించుకుంటాడురా! తగ్గించి రాయించుకున్న తెలివిమంతుణ్ణి నిన్నే చూస్తున్నా" అన్నాడట సీ మఫద్దల్.

ఎందుకో విను. భాగస్తుల ఇంట్లో బయటివాడు అడుగుపెడితే, భాగస్తుడు ఏడాదిలోగా ఆ ధర చెల్లించి ఆ భాగం తనే తీసుకోవచ్చు. షుఫా అంటారు. నేను వినడం వినేదాన్ని గానీ, అది ఎవరి నెత్తినో పడేదనుకున్నాను. చెల్లించేది కాగితం మీది ధర. అంటే లల్లా తాహ్రా రేపు న్యాయాధికారి దగ్గరికి వెళ్ళి సగం సొమ్ము పెడితే చాలు, ఇల్లూ పోతుంది, మిగతా సగమూ పోతుంది. నీ వడ్డాణం ఆ సగంలోనే ఉంది.

దారి కూడా ఆయనే చెప్పాడులే. ఆమె తన హక్కు వదులుకుంటే సరి. ఇద్దరు సాక్షుల ముందు మీకు 'మబ్రూక్', శుభం అన్నా వదులుకున్నట్టే, మీరు గోడలూ నేలా బాగుచేయించుకుంటుంటే చూస్తూ మాట్లాడకుండా ఉన్నా వదులుకున్నట్టే అన్నాడట. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడట గానీ, బట్టీలో రొట్టెలు మాడుతున్నాయని మా ఆయన లేచి పరిగెత్తాడు.

కాబట్టి ముసలామె నోట ఒక్క మాట రాలితే చాలు. హాజ్ తుహామీ దేవుడిలాంటి మనిషి. మా బాధ విని, ఆ మాట అనిపించే పూచీ నాదీ అన్నాడు, కావాలంటే సాక్షిగా నేనే నిలబడతా అన్నాడు. ఆ పెద్దమనిషి ఉన్నాడన్న ధైర్యంతోనే ఈ నాలుగు ముద్దలూ దిగుతున్నాయి. బావగారికి ఇదేమీ చెప్పకు.

నీ చెల్లెలు,
మీలూదా.


సెఫ్రూ,
1989 ఫిబ్రవరి 12.

అక్కకు సలాం. నీ ఉత్తరం అందింది. బావగారి మోకాలికి నువ్వు పంపమన్న తైలం ఈ వారమే పంపిస్తాను. ఇక్కడ మంచు విపరీతంగా పడుతోంది. ఇల్లు మాదేనా అని నువ్వడిగిన ముక్కకి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. జవాబు నాకూ తెలియదు.

ముందు సున్నంతో మొదలుపెట్టాం. మా ఆయన చీపురు సున్నంలో ముంచాడో లేదో, లల్లా తాహ్రా పిట్టగోడ మీంచి తల బయటపెట్టి, "ఎవరి గోడకి కొడుతున్నారే ఆ సున్నం? నాకిష్టం లేదు! వినండర్రా, నాకిష్టం లేదని చెప్తున్నా!" అని వీధి వీధంతా దద్దరిల్లేలా అరిచింది. వాకిట్లో పగిలిన పలకలు మార్పిస్తే మళ్ళీ అదే పాట. పొరుగువాళ్ళని పిలిచి మరీ అరుస్తుంది. గొంతు పట్టేస్తే తలగుడ్డ అంచు పీకకి చుట్టుకుని వచ్చి అరిచింది తల్లి!

ఇలా కాదని నవంబరులో విందు పెట్టాం. ఖురాన్ చదివేవాళ్ళని పిలిచాం, ఏడు కూరగాయలతో కూస్కూస్ వండాను. హాజ్ తుహామీ పంచదార దిమ్మ పంపి, తనే వచ్చి ముందు కూర్చున్నాడు. సీ మఫద్దల్ వచ్చాడు. లల్లా తాహ్రా కూడా దిగింది. అందరికంటే ముందు కూర్చుంది, అందరికంటే వెనక లేచింది. నేను ఆమె వేళ్ళ మీద నీళ్ళు పోస్తూ, లల్లా, మా ఇంటికి శుభం పలకవా అని నోరు తెరిచి అడిగాను. "ఉప్పెక్కువైంది" అంది.

అప్పుడు హాజ్ తుహామీ అందుకున్నాడు. "అక్కా, పాపం పిల్లలు గలవాళ్ళు. ఒక్క మాట అను, నాకా హక్కు అక్కర్లేదు, వదిలేశానని అను. నీ సొమ్మేం పోయింది?" అని ఎంత తియ్యగా అడిగాడో! ఆ మనిషి తాపీగా చేతులు తుడుచుకుని ఏమందో తెలుసా? "వదల్లేదు. ఆ భాగం నేనే తీసుకుంటా. డబ్బు సర్దుకుంటున్నా" అంది. చదివేవాళ్ళు చదవడం ఆపేశారు. హాజ్ ముఖం నల్లబడిపోయింది. మా కోసం ఆయనకి అంత బాధ కలిగిందని నాకు కన్నీళ్ళు వచ్చాయి.

ఉత్తి బెదిరింపే అనుకున్నాం. కాదక్కా. ఆ తర్వాత రాగి సమోవర్ కిందికి దిగింది, పాతసామాన్లవాడు మోసుకుపోయాడు. తర్వాత పెద్ద పళ్ళెం. తర్వాత ఆమె తల్లి నాటి కంబళ్ళు. ఒక్కో వస్తువు మా వాకిట్లోంచి బయటికి వెళుతుంటే, నా ఇల్లే ముక్కలు ముక్కలుగా వెళ్తున్నట్టుంది. మా మీద దావా వెయ్యడానికి డబ్బు పోగుచేస్తోంది. నేను మెట్లెక్కడం మానేశాను. ఆమె కూడా బట్టీకి రొట్టెల పిండి పంపడం మానేసింది, చూడు దాని పొగరు!

మా ఆయన నిద్రలో కూడా అంకెలు గొణుగుతున్నాడు. పెద్దాడు గోడకి తన పేరు చెక్కుతుంటే వీపు విమానం మోత మోగించాను. తర్వాత నేనే ఏడ్చాను, ఎందుకంటే వాడు సొంత ఇల్లనే చెక్కాడు. తలుపు ఎవరు తట్టినా కోర్టు మనిషే అనుకుంటున్నాను. వడ్డాణం సంగతి తలుచుకుంటే నీ ముఖం చూడగలనా అనిపిస్తుంది.

దువా చెయ్యి.
మీలూదా.


సెఫ్రూ,
1989 అక్టోబరు 22.

నా బంగారు అక్కకు వెయ్యి సలాములు. నువ్వూ, బావగారూ, బావగారి మోకాలూ క్షేమమని తలుస్తాను. మేం క్షేమం. ఈసారి ఆ మాట అచ్చంగా క్షేమమనే రాస్తున్నాను.

గడువు దాటిపోయిందక్కా! నిన్న మా ఆయన కోర్టుకి వెళ్ళి కనుక్కున్నాడు. మా పేరు మీద ఏ దావా లేదు, ఇక ఎవరూ వెయ్యలేరు. ఇంటికొచ్చి వాకిట్లో చతికిలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేను నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో పెట్టే జగ్రూతు కేకలు మూడు పెట్టాను, అవతలి వీధివాళ్ళు ఎవరికో పెళ్ళనుకుని వచ్చారు. నీ వడ్డాణం ఇప్పుడు గోడై నిలబడింది, వచ్చి చేత్తో తడిమి చూసుకో.

ముసలామెకి ఏమైందో మరి. అమ్మిన సామాన్లకి సరిపడా డబ్బు రాలేదో, తారీకు మరిచిపోయిందో! ఏడాదంతా ముళ్ళమీద కూర్చోబెట్టి చివరికి తుస్సుమంది. ఇప్పుడు నా వంతు. నీళ్ళ కుళాయి మా వాకిట్లో ఉంది కదా, దానికి తాళం వేయించాను. బిందె పట్టుకుని వస్తే, కొన్నవాళ్ళ కుళాయి, అడిగి పట్టుకో అన్నాను. ఖాళీ బిందెతో పైకెళ్ళిపోయింది. మా ఆయన తప్పన్నాడు. ఆయన మెతకవల్లే కదా ఇంతదాకా వచ్చిందని నోరు మూయించాను.

విచిత్రమేమిటంటే హాజ్ తుహామీ మాతో మాట్లాడటం మానేశాడు. నిన్న ఎదురుపడితే సలాం కూడా అందుకోలేదు. ఏ పనిలో ఉన్నాడో పాపం.

ఈద్‌కి మీరిద్దరూ తప్పకుండా రావాలి. మీకోసం రెండో గది సిద్ధం చేస్తున్నాను.

నీ ఇంటిగల చెల్లెలు,
మీలూదా.

తా.క.: అక్కా, కవరు అంటించేసి మళ్ళీ చింపాను. పైన రాసింది ఒక్క ముక్క కూడా కొట్టెయ్యడం లేదు, నేనెలాంటిదాన్నో నీకు తెలియాలి.

ఇవాళ పొద్దున సీ మఫద్దల్ బట్టీకి వచ్చి, లల్లా తాహ్రా చెయ్యి ముద్దుపెట్టుకుని వచ్చావా అని మా ఆయన్ని అడిగాడట. ఎందుకన్నాడు ఈయన. "ఓరి వెర్రివాడా, ఆవేళ సగం విని పరిగెత్తావు కదూ! ఆమె వదులుకుంటే ఆ హక్కు చచ్చిపోతుందనుకున్నావా? వెనకున్నవాడికి పోతుంది. వెనకున్నవాడు తుహామీ!" అన్నాడట. అక్కచెల్లెళ్ళ వాటా ఒక్కటి, కాబట్టి మొదటి హక్కు ఆమెది. ఆమె పట్టుకుని కూర్చున్నంతకాలం ఆ హాజ్ మా ఇంటి మీద చెయ్యి వెయ్యలేడు. ఇల్లంతా పడగొట్టి కొట్ల మేడ లేపాలని వాడు ఎప్పటినుంచో చూస్తున్నాడట. సీ మఫద్దల్‌కి కూడా విందులో ఆమె మాట విన్నాకే ఆట బోధపడి, నోరు కట్టేసుకున్నాడట. గడువు ముగిసేముందు హాజ్ న్యాయాధికారి దగ్గరికి వెళ్ళాడు. ఆమెని పిలిపించి, వదిలేశావా అని అడిగారు. "ఇంకా ఆలోచిస్తున్నా బాబూ, తొందరేముంది" అందట!

ఆమె ఒక్కసారి మబ్రూక్ అని ఉంటే మేం వీధిన పడేవాళ్ళం. ఆ మాట అనమని నేనే ఆమె చేతుల మీద నీళ్ళు పోసి అడుక్కున్నాను. సున్నానికి అన్ని అరుపులు ఎందుకు అరిచిందో ఇప్పుడు తెలిసింది, ఊరుకుంటే వదులుకున్నట్టే కదా. ఇప్పుడు తలుచుకుంటే హాజ్ కూడా మాకు ఒక్కనాడు మబ్రూక్ అనలేదు, మేం గమనిస్తేగా.

పరుగున మెట్లెక్కాను. విందు తర్వాత నేను ఆ గది చూడడం ఇదే. ఒక చాప, ఒక దిండు. కుంపటిలో బూడిద కూడా లేదు. ఇన్నేళ్ళూ ఆమెకి పిండీ, నూనే, బొగ్గులూ పంపింది ఆ తుహామీయే, విందు మర్నాటినుంచే ఆపేశాడు. ఆమె అమ్మిన సమోవరూ పళ్ళేలూ కంబళ్ళూ దావా కోసం కాదక్కా, తినడానికి. అంత మంచులో కంబళి అమ్ముకుంది. దాన్నే నేను నీకు డబ్బు పోగుచేస్తోందని రాశాను.

ఒక్క ముక్క మా చెవిన వేస్తే ఏం పోయేదని ఏడుస్తూ అడిగాను. "నీకా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీ మొగుడి బట్టీ దగ్గర ఊరంతా చెవులొగ్గి నిలబడుతుంది. సాయంత్రానికి వాడికి తెలిసిపోదూ?" అంది. మాకోసం ఎందుకు చేశావంటే, "మీకోసమని ఎవరన్నారే? ఇల్లు పడగొడితే ఈ వయసులో నేనెక్కడికి పోను? తిట్టడానికైనా కింద ఒక మనిషి ఉండొద్దూ?" అంది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

తాళం ఊడబీకి కాలవలో పారేశాను. బిందె నేనే పైకి మోశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా. ఈద్‌కి వచ్చినప్పుడు మా గది దగ్గర ఆగకు. ముందు మెట్లెక్కి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకో, ఆమె కూర్చోమంటే కూర్చో, ఆ తర్వాతే కిందికి మా ఇంట్లోకి రా.